ముదిరిన క్యాన్సర్ నొప్పికి ఏది మేలు: సూదా, మాత్రా, పట్టీనా?

శ్రీకాకుళం జిల్లాలో క్యాన్సర్ ముదిరిన మనిషి ఉన్న ఇంట్లో పొద్దు వాలేసరికి ఒకటే చర్చ. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయిద్దామా, టెక్కలి తీసుకెళ్దామా, తెల్లవారుజామున కారు మాట్లాడుకుని విశాఖపట్నం పోదామా? నేను నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. సెలవులకు ఇళ్లకు వెళ్లి వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఇదే ఎక్కువ. నా మాట ముందే చెప్పేస్తాను. రోగి ఇంట్లోనే ఉండాలి, వేళ తప్పకుండా మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మాత్ర పడాలి, ఇంటివాళ్ల వెనక పని తెలిసిన నర్సు ఉండాలి. ఈ మూడూ కుదిరితే మిగతా దారులన్నీ దీని తరువాతే. మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా లెక్క మారిపోతుంది. అది ఎలా మారుతుందన్నదే అసలు విషయం.

సూదా, మాత్రా?

సూది మీద మన వాళ్లకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. మాత్ర ఇస్తే వైద్యం చేయనట్టే లెక్క. సూదికి ఉన్న సుగుణం ఒక్కటే, త్వరగా పని చేస్తుంది. వాంతులు ఆగని మనిషికి, గుటక పడని మనిషికి అది తప్పదు కూడా. కానీ రోజూ ఉండే నొప్పికి సూది మీద ఆధారపడితే రాత్రి రెండు గంటలకు వేసేవాళ్లు ఎవరు? కండ కరిగిపోయిన తొడలో రోజుకు ఎన్నిసార్లు పొడుస్తారు? పైగా ఊళ్లో దొరికే సూది చాలావరకు డైక్లోఫెనాక్, కాదంటే పెంటజోసిన్. డైక్లోఫెనాక్‌ను ఎడాపెడా వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, కడుపులో పుండు పడుతుంది. పెంటజోసిన్ ఒక మోతాదు దాటితే నొప్పిని అంతకన్నా తగ్గించలేదు. కొందరికి లేనిపోనివి కనిపించడం, కలవరింతలు పెరుగుతాయి. క్యాన్సర్ నొప్పికి రోజూ వాడదగ్గ మందు కాదది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ తగవు తీర్చింది. మందు వీలైనంతవరకు నోటి ద్వారానే ఇవ్వాలి, గడియారం చూసి ఇవ్వాలి, నొప్పి తీవ్రతను బట్టి మెట్టు మెట్టుగా పెంచాలి. ఇందులో రెండోదే మన ఇళ్లలో అమలు కానిది. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు గడిచేలోపు తరువాతి మాత్ర పడాలి. మనం ఏం చేస్తాం? రోగి మూలిగేదాకా ఆగుతాం. అప్పుడు మాత్ర వేస్తే అది పని మొదలుపెట్టడానికి ఇంకో అరగంటో, ముప్పావుగంటో పడుతుంది. ఈలోగా "మాత్ర పని చేయడం లేదు, సూది వేయించండి" అంటారు. మందు మంచిదే, వేళే తప్పింది.

వేళలు ఇంటి పనులకు ముడిపెడితే గుర్తుంటాయి. ఉదయం ఆరుకు కాఫీతో, పదికి, మధ్యాహ్నం రెండుకు భోజనమయ్యాక, సాయంత్రం ఆరుకు దీపం పెట్టేటప్పుడు, రాత్రి పదికి పడుకునే ముందు. డాక్టరు సరేనంటే రాత్రి పదింటి మోతాదును రెట్టింపు చేస్తారు, అప్పుడు అర్ధరాత్రి లేపనక్కర్లేదు. గోడకు వేలాడే క్యాలెండరులో తేదీ గడిలోనే వేసిన మాత్రకొక అడ్డగీత గీయమని చెబుతాను. చదువు రాని అత్తగారైనా గీత గీయగలదు. నొప్పి ఎంత ఉందో చెప్పడానికి పాఠ్యపుస్తకాలు సున్నా నుంచి పది వరకు అంకెలు అడగమంటాయి. పల్లెలో ముసలివాళ్లను పదికి ఎంత అని అడిగితే ముఖం చూస్తారు. "రూపాయిలో ఎంత తగ్గింది?" అని అడగండి, "ముప్పావలా తగ్గిందమ్మా, పావలా ఉంది" అని తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబు రాసుకుంటే చాలు, మోతాదు పెంచాలో వద్దో డాక్టరుకు తెలిసిపోతుంది.

మార్ఫిన్‌తో వచ్చే చిక్కుల్లో మొదటిది మలబద్ధకం. వికారం, మగత కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్లూ ఉంటుంది. అందుకే మొదటి మార్ఫిన్ మాత్రతో పాటే విరేచనం మాత్ర కూడా మొదలుకావాలి. చీటీలో అది లేకపోతే అడిగి రాయించుకోండి.

ట్రమడాలా, మార్ఫినా?

ట్రమడాల్ మార్ఫిన్ కన్నా బలం తక్కువ నొప్పి మందు. "మార్ఫిన్ అప్పుడే ఎందుకు, అది ఆఖరి మందు కదా, ముందు ట్రమడాల్‌తో నెట్టుకొద్దాం" అనడం మామూలు. ఇటలీలో 240 మంది క్యాన్సర్ రోగులతో జరిపిన పరీక్ష 2016లో వెలువడింది. మధ్యస్థంగా నొప్పి ఉన్నవారిలో సగం మందికి ట్రమడాల్ లేదా కోడీన్ తరహా మందులు, సగం మందికి తక్కువ మోతాదు మార్ఫిన్ ఇచ్చి 28 రోజులు చూశారు. చెప్పుకోదగ్గంత నొప్పి తగ్గినవారు మార్ఫిన్ వైపు 88.2 శాతం, రెండో వైపు 57.7 శాతం. దుష్ప్రభావాలు మార్ఫిన్ వైపు ఎక్కువేమీ లేవు. కాబట్టి క్యాన్సర్ నొప్పి నడిమి స్థాయికి చేరితే ట్రమడాల్ దగ్గర నెలలు గడపడంలో అర్థం లేదు. మార్ఫిన్ ఆఖరి మందన్న మాట ఎక్కడిదో కానీ, దాని వల్ల ఎంతోమంది ఆఖరిదాకా నొప్పి పడుతున్నారు.

ట్రమడాల్‌కు ఉన్న ఒకే అనుకూలత దొరకడం. మార్ఫిన్ మందుల దుకాణంలో అడిగితే దొరికేది కాదు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద ఆసుపత్రులు ఒక్కో శాఖ నుంచి ఒక్కో అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. 2014 సవరణతో అది సులువైంది, గుర్తింపు పొందిన వైద్యసంస్థ డాక్టరు చీటీ మీద ఇవ్వవచ్చు. మీకు దగ్గరలోని పెద్దాసుపత్రికి ఆ గుర్తింపు ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోటికే వెళ్లాలి.

మాత్రా, పట్టీనా?

ఇక్కడ మన జిల్లా పరిస్థితి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టవలసి వచ్చింది. మార్ఫిన్ శరీరంలో విడిపోయాక మిగిలే పదార్థాలు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి పని చేయకపోతే ఆ పదార్థాలు పేరుకుంటాయి. మనిషి మగతగా అయిపోతాడు, ఒళ్లు ఉలిక్కిపడినట్టు అదురుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు ముదరడంగా అనుకుంటారు. అందుకే ఉద్దానం మనిషికి మార్ఫిన్ మొదలుపెట్టే ముందు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ముందుకు పోకూడదని నా విద్యార్థులకు నూరిపోస్తాను.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ పట్టీ మేలు. ఫెంటానిల్ కూడా మార్ఫిన్ తరహా మందే. ఒకటి అంటిస్తే మూడు రోజులు. నాలుగు గంటల గొడవ లేదు, గుటక పడకపోయినా ఫర్వాలేదు, మలబద్ధకం కూడా కొంత తక్కువ. వింటే ఇదే అందరికీ వాడవచ్చు కదా అనిపిస్తుంది. వాడకూడదు. పట్టీ అంటించాక పూర్తిగా పని చేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, కాబట్టి ఈ రాత్రి విలవిల్లాడుతున్న మనిషికి అది ఆసరా కాదు. గంటకు 25 మైక్రోగ్రాముల పట్టీ అంటే రోజుకు సుమారు 60 నుంచి 90 మిల్లీగ్రాముల మార్ఫిన్ మింగినట్టు. అంతకుముందు మార్ఫిన్ తరహా మందు ఎరగని ఒంటికి దాన్ని నేరుగా అంటించడం ప్రమాదం. ఒంట్లో కొవ్వు లేకుండా ఎండిపోయినవారిలో మందు సరిగ్గా ఎక్కదు. ధర సంగతి సరేసరి.

వేడి విషయం మన వాళ్లు అసలు పట్టించుకోరు. పట్టీ మీద వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఎక్కువ ఎక్కుతుంది. జ్వరం వచ్చినా అంతే. నడుము నొప్పికి వేడినీళ్ల సంచితో కాపడం పెట్టే అలవాటు ప్రతి ఇంట్లో ఉంది. పట్టీ వీపు మీద ఉన్నప్పుడు ఆ కాపడం పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో పడుకున్న రోగి విషయంలోనూ జాగ్రత్త పడాలి. తీసేసిన పట్టీలో ఇంకా మందు మిగిలి ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లల చేతికి అందకుండా పారేయాలి. పట్టీ మీద తేదీ, గంట పెన్నుతో రాయడం మరవకండి. లేకపోతే మూడో రోజున ఎప్పుడు అంటించామన్న దాని మీద వదినా మరదళ్లకు మాటామాటా వస్తుంది.

మూత్రపిండాలు బాగున్నవారికి ముందు మార్ఫిన్ మాత్రే. మోతాదు కుదురుకున్నాక గుటక ఇబ్బంది అయితే పట్టీకి మారవచ్చు.

విశాఖా, ఇల్లా?

శ్రీకాకుళం నుంచి విశాఖకు సుమారు 110 కిలోమీటర్లు. పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి ఇంకా చాలా దూరం. వెన్ను ఎముకల్లోకి క్యాన్సర్ పాకిన మనిషికి ఆ ప్రయాణమే ఒక శిక్ష. ఇంట్లో ఉంచితే వైద్యం మానేసినట్టని బంధువులు దెప్పుతారన్న భయంతోనే చాలామంది తీసుకెళ్తారు. ఆ దెప్పేవాళ్లకు చెప్పడానికి ఒక సంగతి. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో జరిపిన ఒక పరీక్ష 2010లో వెలువడింది. మామూలు క్యాన్సర్ చికిత్సతో పాటు మొదటి నుంచే ఉపశమన వైద్యం, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం అందినవారికి కుంగుబాటు తక్కువగా ఉంది, ఆఖరి రోజుల్లో దూకుడు చికిత్సలు తక్కువగా జరిగాయి. అయినా వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, రెండో వర్గానిది 8.9 నెలలు. నొప్పి తగ్గించడానికి ఒప్పుకుంటే ప్రాణం మీద ఆశ వదిలేసినట్టు కాదు.

అలాగని ఇంట్లోనే పట్టుబట్టి కూర్చోకూడదు. కాళ్లలో బలం ఉన్నట్టుండి తగ్గినా, మూత్రం ఆగిపోయినా, వెన్నునొప్పి రోజురోజుకూ పెరిగినా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న గుర్తు కావచ్చు. అప్పుడు తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. ఎముక నొప్పికి ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ ఎన్నో మాత్రల పని చేస్తుంది, దానికోసం వెళ్లే ప్రయాణం వృథా కాదు.

ఎవరికి ముందు నేర్పాలి?

ఇంట్లో చూసేది ఎవరు? కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటాడు. మత్స్యకార కుటుంబమైతే గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద ఉంటాడు. మిగిలింది కోడలు, పగలంతా జీడిపప్పు బట్టీలో పని, రాత్రంతా మామగారి మంచం. కాబట్టి ఆ కోడలికే శిక్షణ ఇచ్చేస్తే సరిపోతుందని పథకాలు రాసేవాళ్లు తేలిగ్గా అంటారు. నాకు ఆ మాట మీద గురి లేదు. పక్షవాతం రోగుల మీద మన దేశంలోనే 14 కేంద్రాల్లో 1250 మందితో జరిపిన పరీక్ష 2017లో వెలువడింది. సగం మంది రోగుల కుటుంబసభ్యులకు వ్యాయామాలు చేయించడం నేర్పి ఇంటికి పంపారు, మిగతా సగానికి మామూలు వైద్యమే. ఆరు నెలలకు చూస్తే చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే. జబ్బు వేరు, కొలిచినదీ వేరు. అయినా నేర్పి వదిలేస్తే చాలదన్న హెచ్చరిక అందులో ఉంది.

దీనికి ఎదురుగా అమెరికాలో న్యూహాంప్‌షైర్ ప్రాంతంలో ముదిరిన క్యాన్సర్ రోగులను ఇంట్లో చూసుకునే 122 మంది సంరక్షకులతో జరిగిన పరీక్ష చూడండి. 2015లో వెలువడింది. అక్కడ చేసిందల్లా నర్సు వారానికొకసారి చొప్పున మూడుసార్లు ఫోనులో మాట్లాడి, తరువాత నెలనెలా పలకరించడం. మూడు నెలలు ఆలస్యంగా ఆ సాయం అందినవారితో పోలిస్తే మొదటే అందినవారిలో కుంగుబాటు తక్కువగా కనిపించింది. ఒక్కరోజు శిక్షణ శిబిరం కన్నా, నెల తిరిగేసరికి మళ్లీ మోగే ఫోను మేలన్నమాట. ఫోను లేని ఇల్లు మన దగ్గర మాత్రం ఎక్కడుంది?

అందుకే ఉన్న డబ్బు ఒక్కరికే నేర్పడానికి సరిపోతే నా ఓటు పీహెచ్‌సీ నర్సుకు, గ్రామంలోని ఏఎన్‌ఎంకు. ఒక నర్సు వెనక ఎన్నో ఇళ్లు ఉంటాయి. ఆమెకు నేర్పవలసింది కూడా కొండంత కాదు. నొప్పి అడిగి రాయడం, మార్ఫిన్ భయం పోగొట్టడం, మగతకూ ప్రమాదానికీ తేడా పట్టడం, పుండు కడగడం, చెడ్డ కబురు వినే మనిషి ముందు తొందరపడకుండా కూర్చోవడం. ఇవి తరగతి గదిలో బొమ్మలు చూపిస్తే రావు. అనుభవమున్న నర్సు వెంట ఇళ్లకు తిరగాలి. కేరళలో 1993లో కోళిక్కోడ్‌లో మొదలైన ఉపశమన వైద్యం ఊరూరా నిలబడిందంటే ఇంటికి వెళ్లే నర్సు వల్లే. మన నర్సింగ్ కళాశాలల్లో మార్కులు పడే ఇంజెక్షన్ చార్టుకు ఉన్న గౌరవం ఈ ఇంటి సందర్శనకు లేదు, అది నాకు మింగుడుపడని సంగతి.

కోడలికి నర్సు మొదటి రోజే చెప్పి రావలసినవి మాత్రం మూడున్నాయి. పిలిచినా లేవనంత మగతగా ఉంటే తరువాతి మాత్ర ఆపి వెంటనే ఫోను చేయాలి. మాత్రల డబ్బా తాళం వేసిన పెట్టెలో ఉండాలి, మిగిలినవి ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి. ఇక వారంలో ఒక పూట మంచం దగ్గర ఇంకెవరైనా కూర్చోవాలి, ఆ పూట ఆమె నిద్రపోవాలి. ఆ మాట అడగడం కోడలి వల్ల కాదు, నర్సే అత్తగారితో చెప్పాలి.