ఆరు బాక్సెన్ వ్యాగన్లకు కాజీపేటలో చేయించిన మెరుగులు: ఒక సమీక్ష

హెచ్‌ఓ స్కేలులో (అసలులో 87వ వంతు పరిమాణంలో) నేను కొని పెట్టుకున్న ఆరు బాక్సెన్ రకం మాడల్ వ్యాగన్లను, అంటే పైకప్పు లేని బొగ్గు వ్యాగన్ల నమూనాలను, మే నెలాఖరులో కాజీపేటలోని ఒక ఇంటి వర్క్‌షాపులో ఇచ్చాను. లేని భాగాలను చేర్చి, కొత్త ప్లాస్టిక్ మెరుపును పోగొట్టి, మందమర్రి, బెల్లంపల్లి వైపు నుంచి నిండి వచ్చే అసలు వ్యాగన్ల రూపు వాటికి తెప్పించాలన్నది నేను కోరిన పని. దీనిని చేసేవారు రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇంటి ముందు బోర్డు లేదు, తెలిసినవారి ద్వారా వచ్చిన పనినే తీసుకుంటారు, తన పేరు ఎక్కడా రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. వ్యాగన్‌కు 900 రూపాయల చొప్పున తీసుకున్నారు. జూలై మూడో వారంలో వ్యాగన్లు నా చేతికి వచ్చాయి. అప్పటి నుంచి వాటిని రోజూ నడిపి చూసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఆ వ్యాగన్లు ఎలా ఉండేవో చెప్పాలి. ఆరింటిలో నాలుగు మామూలు బాక్సెన్ నమూనాలు, రెండు స్టెయిన్‌లెస్ స్టీలు గోడలుండే బాక్సెన్ హెచ్‌ఎల్ నమూనాలు. అన్నీ త్రీడీ ప్రింటింగులో తయారైనవే. మామూలు బాక్సెన్ అసలులో కప్లర్ (వ్యాగన్లను ఒకదానికొకటి కలిపే కొక్కెం) నుంచి కప్లర్ వరకు 10,713 మిల్లీమీటర్ల పొడవుంటుంది కాబట్టి 87వ వంతున అది 123 మిల్లీమీటర్లు కావాలి, కొలిస్తే సరిగ్గా అంతే ఉంది. కొలతల్లో వంక పెట్టడానికి లేదు. లోపమంతా వివరాల్లోనే ఉండేది. ఎక్కడానికి పట్టుకునే కమ్మీలు 0.8 మిల్లీమీటర్ల మందంతో శరీరానికే అతుక్కుని ఉండేవి. అసలు పరిమాణంలో ఊహిస్తే అది ఏడు సెంటీమీటర్ల కమ్మీ, దానిని పట్టుకోవడానికి ఏ మనిషి చేయీ చాలదు. అడుగు భాగంలో బ్రేకు సామగ్రి ఏదీ లేదు. ఆరు వ్యాగన్ల మీద ఒకే నంబరు ఉంది. ప్రింటింగు పొరల గీతలు పక్క గోడల మీద దగ్గరగా చూస్తే కనిపించేవి.

పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు. "ఇవి ఏ సైడింగుల నిండినయి తమ్మీ, బంకర్ కిందనా, లోడర్‌తోనా?" అని అడిగారు. పైనుంచి బంకర్ ద్వారా నిండిన వ్యాగన్లలో బొగ్గు దాదాపు ఒకే ఎత్తులో పరుచుకుంటుందని, లోడర్ బకెట్లతో పోసిన వ్యాగన్లలో కుప్పలు కుప్పలుగా, ఒక పక్కకు ఒరిగి ఉంటుందని అప్పుడు వివరించారు. నేను ఇరవై ఏళ్లుగా ఫాతిమానగర్ బ్రిడ్జి మీది నుంచి బొగ్గు రేకులను (ఒకే రైలుగా నడిచే వ్యాగన్ల వరుసలను) చూస్తున్నవాణ్ణే అయినా ఆ తేడాను ఎన్నడూ గమనించలేదు. డబ్బు మాట రాకముందే ఆయనకు పని అప్పగించాలని నేను నిశ్చయించుకున్నది ఆ ప్రశ్న వల్లనే.

అడుగు భాగంతో మొదలుపెడతాను, ఎందుకంటే వ్యాగన్ బల్ల మీద పక్కకు నిలిచినప్పుడు తేడా తెలిసేది అక్కడే. బ్రేకు సిలిండర్, బ్రేకు గాలి నిలవుండే ట్యాంకులైన ఆక్సిలరీ రిజర్వాయరు, కంట్రోల్ రిజర్వాయరు, డిస్ట్రిబ్యూటర్ వాల్వు, వాటిని కలిపే గొట్టాలు అన్నిటినీ ఆయన ప్లాస్టిక్ కడ్డీలతో, రాగి తీగతో స్వయంగా చేశారు. అసలు సిలిండర్ వ్యాసం 355 మిల్లీమీటర్లు కాబట్టి నమూనాలో అది నాలుగు మిల్లీమీటర్లకు కాస్త పైన ఉండాలి. వెర్నియర్‌తో కొలిచి చూశాను, అలాగే ఉంది. వంద లీటర్ల ఆక్సిలరీ రిజర్వాయరు పక్కన ఆరు లీటర్ల కంట్రోల్ రిజర్వాయరు ఎంత చిన్నగా కనిపించాలో అంత చిన్నగానే కనిపిస్తోంది. శరీరంతో కలిసి ప్రింటైన కమ్మీలను చెక్కివేసి వాటి స్థానంలో 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను అమర్చారు. అది నిజ పరిమాణంలో 26 మిల్లీమీటర్లకు సమానం, కంటికి కూడా సహజంగా ఉంది. రెండు చివరల బ్రేకు హోస్ పైపులు, వాటి కాక్ పిడులు కూడా ఉన్నాయి. నన్ను అన్నిటికంటే ఆనందపరచినది వ్యాగన్ ఖాళీగా ఉందా, లోడుతో ఉందా అన్నదానికి తగినట్లు బ్రేకు బలాన్ని మార్చే పిడి. నిండిన నాలుగు వ్యాగన్లలో ఆ పిడిని లోడు స్థానంలోను, ఖాళీగా ఉంచమన్న రెండింటిలో ఖాళీ స్థానంలోను ఆయన అమర్చారు. ఆ పిడి స్థానాన్ని చూసి వ్యాగన్ నిండిందో లేదో చెప్పగలవారు నా ఇంటికి ఎప్పుడూ రాకపోవచ్చు, అయినా ఆయన దానిని తప్పుగా వదలలేదు.

ఇక తుప్పు సంగతి. మాడల్ వ్యాగన్లకు పాత రూపు తెచ్చేటప్పుడు చాలామంది నారింజ రంగు పొడిని స్పాంజితో అంతటా అద్దుతారు. నేను కూడా కొన్నేళ్ల కిందట అలాగే చేసి రెండు వ్యాగన్లను పాడు చేసుకున్నాను. ఈయన పద్ధతి వేరు. "తుప్పు ఊకనే పట్టది తమ్మీ, నీళ్లు ఏడ ఆగుతయో ఆడ పడతది" అన్నారు. తడిసిన బొగ్గు గంటల తరబడి ఒరుసుకుని ఉండే చోటు నేలకు, పక్క గోడకు మధ్యనున్న మూల. అందువల్ల ఆయన వేసిన ముదురు తుప్పు గోడల అడుగు అంచు పొడవునా, పక్క తలుపుల కీళ్ల దగ్గర, నిలువు పట్టీల మొదళ్ల దగ్గర మాత్రమే ఉంది. గోడ మధ్య భాగం పాత ఆక్సైడ్ ఎరుపు వెలిసి, మట్టి పట్టినట్లుగా ఉంది. లోపలి వైపు సంగతి మళ్లీ వేరు: బొగ్గు రాసుకుంటూ జారే చోట లోహం గీతలు పడి మెరవాలి, గీతల మధ్య నల్లటి ధూళి నిలవాలి. ఖాళీ వ్యాగన్లలోకి టార్చి వేసి చూస్తే సరిగ్గా అదే కనిపించింది. పై అంచు మీద చిన్న సొట్టలు రెండు మూడు ఉన్నాయి. టిప్లర్ మీద వ్యాగన్‌ను తలకిందులు చేసి దింపేటప్పుడు పడే దెబ్బలవి. ఒక వ్యాగన్ పక్క రేకు నిలువు పట్టీల మధ్య కొద్దిగా బయటికి ఉబ్బింది. దీనిని ఆయన రేకును లోపలి వైపు నుంచి వెచ్చబరచి తెప్పించారట.

రెండు హెచ్‌ఎల్ వ్యాగన్ల విషయంలో ఆయన నా కోరికను తిరస్కరించారు, అది నాకు మేలే చేసింది. ఆరూ ఒకే రేకులో తిరగాలి కాబట్టి వాటికీ అదే తుప్పు వేయమని నేను అడిగాను. వాటి గోడలు స్టెయిన్‌లెస్ స్టీలువి అయినప్పుడు ఎర్ర తుప్పు ఎక్కడి నుంచి వస్తుందని అడిగి, బోగీల మీద, కప్లర్ల మీద మాత్రమే తుప్పు వేసి, గోడల మీద బొగ్గు ధూళి, వాన చారలు, చెల్క మట్టి రంగు దుమ్ము వేసి ఇచ్చారు. ఇప్పుడు రేకులో ఆ రెండూ బూడిద రంగులో విడిగా కనిపిస్తాయి, కాజీపేటలో నిలిచే అసలు రేకుల్లో కనిపించినట్లే. (మనం వాడుకలో బోగీ అని ప్రయాణికుల పెట్టెను పిలుస్తాం, ఇక్కడ నేను చెప్తున్నది పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల చట్రాన్ని.) బోగీల మీద నూనె మరకలు వేయకపోవడం కూడా గమనించదగినది. ఈ వ్యాగన్లకుండే కాస్నబ్ రకం బోగీలో సీలు చేసిన టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి, పాత నాలుగు చక్రాల వ్యాగన్ల యాక్సిల్ బాక్సుల్లా నూనె కారదు. అక్కడ ఆయన బ్రేకు ధూళిని మాత్రమే వేశారు.

నంబర్ల పనిలో ఒక చిన్న పొరపాటు దొరికింది. మన వ్యాగన్ నంబరులో పదకొండు అంకెలు ఉంటాయి: మొదటి రెండు వ్యాగన్ రకానికి, తరువాతి రెండు యాజమాన్య రైల్వేకు, ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరానికి, నాలుగు వరుస సంఖ్యకు, చివరిది సరిచూసుకోవడానికి. మొదటి పది అంకెల్లో సరి స్థానాల్లోని వాటిని కూడి మూడుతో గుణించి, బేసి స్థానాల్లోని వాటిని దానికి కలిపితే వచ్చే మొత్తాన్ని పైనున్న పదుల సంఖ్యకు చేర్చే అంకె చివరిది కావాలి. ఆరు నంబర్లనూ కాగితం మీద లెక్కవేశాను. ఐదు సరిపోయాయి, ఒకటి తప్పింది. చెప్పిన మూడో రోజున కొత్త డీకాల్ (అతికించే నంబరు ముద్ర) వేసి ఇచ్చారు, దానికి డబ్బు తీసుకోలేదు. హెచ్‌ఎల్ వ్యాగన్ల మీద నమూనా తయారీదారు మామూలు బాక్సెన్ ఖాళీ బరువైన 22.47 టన్నులనే అచ్చువేసి ఉండగా, ఆయన అడగకుండానే దానిని 20.6గా సరిచేశారు. తయారీ సంవత్సరం పాతదైన వ్యాగన్‌కే ఎక్కువ మాసికలు, ఎక్కువ తుప్పు వేశారని ఇంటికి వచ్చాక గమనించాను.

బొగ్గు లోడు అసలు సింగరేణి బొగ్గుతోనే చేశారు. నురుగు పలకను కుప్పల ఆకారంలో చెక్కి, నల్ల రంగు వేసి, దంచి జల్లెడ పట్టిన బొగ్గును నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటించారు. పెద్ద ముక్కలు రెండు మిల్లీమీటర్లు దాటవు. నిజ పరిమాణంలో అవి పదిహేడు సెంటీమీటర్ల గడ్డలు. లోడు బయటికి తీయగలిగేలా ఉంది. చేతికి మసి అంటదు.

చక్రాలకూ పట్టాలకూ సంబంధించిన ఒక సంగతి ఆయన తప్పు కాదు కాని చెప్పాలి. మన బ్రాడ్ గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు, స్కేలు ప్రకారం అది 19.3 మిల్లీమీటర్లు కావాలి. హెచ్‌ఓ పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్లే, విదేశాల స్టాండర్డ్ గేజికి సరిపడినవి. ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి నొక్కుకుపోయినట్లు ఉంటాయి. ఆయన చక్రాల ముఖాలకు ముదురు గోధుమ రంగు వేసి, పట్టాను తాకే భాగాన్ని మాత్రం మెరిసేలా వదలడం వల్ల ఆ లోపం బాగా తగ్గింది.

నా అసంతృప్తి అంతా నడక విషయంలోనే. వ్యాగన్ల బరువును ఆయన పట్టించుకోలేదు. అమెరికాలోని నేషనల్ మాడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్ ఒక ఔన్సుతో పాటు పొడవులో అంగుళానికి అర ఔన్సు తూగాలి. 123 మిల్లీమీటర్ల వ్యాగన్‌కు అది దాదాపు 97 గ్రాములు అవుతుంది. నాకు వచ్చినవి నిండినవి 68 గ్రాములు, ఖాళీవి 61 గ్రాములు. తేలిక వ్యాగన్ పొడవైన రేకు మధ్యలో ఉంటే వంపులో లోపలి వైపుకు లాగబడి పట్టా తప్పుతుంది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది. నిండిన వాటిలో బొగ్గు కింద ఇనుప నట్లు పేర్చి సరిచేసుకున్నాను. ఖాళీ వాటిలో నేల కనిపిస్తుంది కాబట్టి అడుగు దూలాల మధ్య సన్నని స్టీలు పట్టీలను అతికించవలసి వచ్చింది, దానికోసం ఆయన అంత శ్రద్ధగా అమర్చిన గొట్టాలలో ఒకదానిని నేనే విప్పాను. ఆ పని ముందే జరిగి ఉంటే ఈ అవసరం ఉండేది కాదు. కప్లర్లకు నేనే ఇచ్చిన కేడీ సంస్థవారి స్కేలు తలలను ఆయన అమర్చారు. వాటి రూపం మన వ్యాగన్ల సెంటర్ బఫర్ కప్లర్‌కు చాలా దగ్గరగా ఉంటుంది, పనితీరు కూడా నమ్మదగినది. కాని రెండు వ్యాగన్లలో వాటి ఎత్తు కప్లర్ ఎత్తును సరిచూసే గేజికి కాస్త కిందికి ఉండి, ఎత్తుపల్లాల దగ్గర విడిపోయాయి. బోగీ మధ్య స్క్రూ దగ్గర 0.25 మిల్లీమీటర్ల వాషర్ వేయగానే కుదిరాయి. ఒక బోగీ స్క్రూను తిరగడానికి మాత్రమే వీలుగా బిగించి, రెండోదానిని కొద్దిగా ఊగేలా వదులు చేస్తే వ్యాగన్ పట్టాల మీద స్థిరంగా కూర్చుంటుందన్నది కూడా నేను చేసుకున్న సవరణే.

మరో లోపం వానది. చివరి మ్యాట్ వార్నిష్‌ను జూలై ముసురులో కొట్టడం వల్ల ఒక వ్యాగన్ మీద తెల్లటి పొగమంచు లాంటి పొర ఏర్పడింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఇలా జరుగుతుందని ఆయనకు తెలియనిది కాదు. నేను తొందర పెట్టాను. ఆ వ్యాగన్‌ను వెనక్కి తీసుకుని, ఎండ వచ్చిన రోజున మళ్లీ వార్నిష్ కొట్టి, పోయిన ధూళిని తిరిగి వేసి ఇచ్చారు.

వ్యాగన్‌కు 900 రూపాయలు కొందరికి ఎక్కువ అనిపించవచ్చు. ఒక్కో వ్యాగన్ అడుగు భాగంలో చేతితో చేసి అమర్చిన భాగాలు 31 ఉన్నాయని లెక్కపెట్టాక నాకు అలా అనిపించలేదు. అల్మారాలో పెట్టుకునేవారు ఏ సందేహమూ లేకుండా ఆయన దగ్గరికి వెళ్లవచ్చు. నడిపేవారు మాత్రం పని ఇచ్చేటప్పుడే బరువు ఎన్ని గ్రాములు ఉండాలో, కప్లర్ ఏ ఎత్తులో ఉండాలో కాగితం మీద రాసి ఇవ్వాలి, ఎత్తు సరిచూసే గేజిని కూడా వెంట తీసుకుపోవాలి. రామగుండం ఎన్‌టీపీసీకి బొగ్గు మోసే అడుగు తలుపుల హాపర్ వ్యాగన్లు నాలుగు నా దగ్గర ఉన్నాయి. వాటిని తీసుకుపోతే తలుపులు తెరిచే గాలి సిలిండర్ల ఫొటోలు తెమ్మన్నారు, దసరా దాటి వానలు వెళ్లాకనే రంగు పట్టుకుంటానన్నారు. ఈసారి నేను తొందర పెట్టలేదు.