డబ్బాలు చూసి ఇంజిన్ పని నమ్మకండి: మన జిల్లాల పికప్ బండ్లవారికి హెచ్చరిక

పాత పికప్‌కు ఇంజిన్ పని చేయించాలనుకుంటున్న శ్రీకాకుళం, విజయనగరం మిత్రులు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నిన్న సాయంత్రం జరిగిన సంగతి ఇది. కోపం ఇంకా చల్లారలేదు కనుక ఎక్కడైనా మాట తూలితే మన్నించండి. షాపు పేరు రాయను. శ్రీకాకుళం చుట్టుపక్కల బండి నడిపేవారిలో ఆ షెడ్డు తెలియనివారు తక్కువ. "డీజిల్ ఇంజిన్ అంటే ఆయనే" అన్న మాట పదిమంది నోట విన్న తరువాతే నేనూ వెళ్ళాను.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటలను పడగొట్టిన మరుసటి ఏడాది, మిగిలిన చెట్ల కాయనైనా నేనే మోసుకొని అమ్ముకుందామని ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొన్నటి వేసవి నుంచి నీలిపొగ మొదలైంది. వెయ్యి కిలోమీటర్లకు లీటరున్నర ఆయిల్ తాగేది, ఆయిల్ మూత తీస్తే బుసబుసా పొగ కక్కేది. రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే కట్లు), బోరు (పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ) అరిగిపోయాయని అందరూ చెప్పారు, అది నిజమే కూడా.

షెడ్డు యజమాని చెప్పిన పని ఇది: ఇంజిన్ దించి, బ్లాకును బోరింగుకు పంపి, 0.50 సైజు కొత్త పిస్టన్లు వేయాలి. క్రాంకును, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, గ్రైండింగ్ చేయించి, అది సన్నబడినంత మేర మందంగా ఉండే 0.25 బేరింగులు వేయాలి. హెడ్డులో, అంటే సిలిండర్ల మీది మూతలో, వాల్వులు అరగదీసి కూర్చోబెట్టాలి. సామానుకు 52,000, లేత్ పనికి 14,500, కూలికి 18,000, వెరసి 84,500 రూపాయలు. తెలియనివారి కోసం ఒక్క మాట చెబుతాను. అరిగి వంకర పోయిన సిలిండరును కోసి గుండ్రంగా చేసినప్పుడు అది కొంచెం వెడల్పవుతుంది, ఆ వెడల్పుకు సరిపడే పెద్ద పిస్టన్ వేయాలి. అర మిల్లీమీటరు పెద్దదని తెలిసేలా పిస్టన్ నెత్తి మీద 0.50 అని అంకె కొట్టి ఉంటుంది. నా గొడవంతా ఆ అంకె గురించే.

ఆ రోజున నేను ఆయనకు "అన్నయ్యగారు". స్టూలు తుడిచి కూర్చోబెట్టారు, టీ తెప్పించారు, నాలుగు కొత్త డబ్బాలను నా ఎదుటే విప్పి పిస్టన్లను నా చేతిలో పెట్టారు. బొటనవేలితో 0.50 అంకెను తడిమి మరీ చూసుకొని, ఫోటో తీసుకొని, యాభై వేలు అడ్వాన్సు ఇచ్చి బస్సెక్కాను. విప్పిన పాత సామాను నాకు తిరిగి ఇమ్మని అడగకపోలేదు. "పాత ఇనుముతో మీకేటి పని అన్నయ్యగారూ, కుర్రోలు కేజీల్లెక్కన అమ్ముకుని టీ తాగుతారు" అని ఆయన నవ్వితే, నేను కూడా పెద్ద రసికుడిలా నవ్వి ఊరుకున్నాను. తోటలో కాయ కొనేటప్పుడు ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి, నీళ్ళ చప్పుడు వింటే గానీ కుప్పలో వేయని మనిషిని నేను. అటువంటివాడిని 84,500 రూపాయల పని జరుగుతుంటే ఒక్క పూట ఆ షెడ్డులో కూర్చోలేకపోయాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

పందొమ్మిది రోజుల తరువాత బండి చేతికొచ్చింది. మిగతా 34,500 లెక్కపెట్టి ఇచ్చాను. డబ్బుకు తగ్గ సామాను పడిందనడానికి సాక్ష్యంగా నాలుగు ఖాళీ డబ్బాలను కూడా సంచిలో వేసి ఇచ్చారు. ఆ డబ్బాలు మాత్రం అసలైనవే, అందులో ఏ మోసమూ లేదు. బిల్లు అడిగితే ఒక కాగితం ఇచ్చారు, దాని నెత్తిన "ఎస్టిమేట్" అని అచ్చై ఉంది. జీఎస్టీ నంబరు లేదు, ఇంజిన్ నంబరు లేదు, సంతకం లేదు. అది కూడా మడిచి జేబులో పెట్టుకున్నాను.

మొదటి 500 కిలోమీటర్లు బరువు వేయవద్దని, వేగం పెంచవద్దని, ఆపైన ఆయిల్ మార్చమని చెప్పారు. కార్తీక మాసపు ఉపవాసంలా ఆ నియమం పాటించాను. సరిగ్గా 640 కిలోమీటర్ల దగ్గర, మొదటిసారి నిండా కాయలు వేసుకొని శ్రీకాకుళం వస్తుండగా, కోటబొమ్మాళి దగ్గర ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగింది. పక్కకు తీసేలోపే కింద నుంచి డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు మొదలై ఇంజిన్ ఆగిపోయింది. షెడ్డుకు నాలుగుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు మోగింది, మూడోసారి కట్ చేశారు, నాలుగోసారి స్విచ్ ఆఫ్. కాయలను వేరే బండికి ఎక్కించి, నా బండిని టెక్కలికి కట్టి లాగించాను.

టెక్కలిలోని పెద్దాయన మా నాన్నగారి కాలం నుంచి ఎరిగిన మెకానిక్. హెడ్డు దించాక ఆయన ఏమీ మాట్లాడకుండా నా చూపుడువేలు పట్టుకొని, సిలిండరు లోపల పై అంచు కింద గోడ మీద రాయించారు. గోరు తగిలి ఆగింది. రింగులు అంత పైదాకా రావు గనుక అక్కడ లోహం అరగదు, కిందంతా అరిగి పైన సన్నటి గట్టు మిగులుతుంది. బోరింగు జరిగి ఉంటే ఆ గట్టు ఉండదు. నాలుగు సిలిండర్లలోనూ అది ఉంది. తరువాత పిస్టన్ తీసి, కిరసనాయిలు గుడ్డతో నెత్తి తుడిచి చూపించారు. 0.50 లేదు, ఏ అంకే లేదు. రింగులు మాత్రం కొత్తవి, అవి కూర్చునే గాడుల్లో పాత మసి గట్టిగా పట్టుకొని ఉంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు ఒకటి తిరిగి నలిగిపోయింది. నలగని దానిని తిప్పి చూస్తే వీపు మీద 0.25 ఉండవలసిన చోట "ఎస్‌టీడీ" అని ఉంది, అంటే కంపెనీ నుంచి వచ్చిన మొదటి సైజే. ఆ లెక్కన క్రాంకు కూడా లేత్ మొహం చూడలేదు. నా పాత పిస్టన్లనే ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త రింగులు తొడిగి, బయట ఇంజిన్‌కు నిగనిగలాడే రంగు వేసి ఇచ్చారన్నమాట. రంగు బాగా వేశారు, ఒప్పుకోవాలి.

ఇక నిన్నటి సంగతి. పిస్టన్ ఒకటి, బేరింగు ఒకటి, నాలుగు ఖాళీ డబ్బాలు, ఫోనులో ఆనాటి ఫోటో తీసుకొని షెడ్డుకు వెళ్ళాను. ఆయన కౌంటరు వెనక కూర్చొని టిఫిను తింటున్నారు. పిస్టన్‌ను ఆయన ముందు పెట్టి, గొంతు పెంచకుండా, "అన్నగారూ, ఇందులో 0.50 ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కౌంటరు మీది బాల్‌పెన్ను తీసి, దాని కొసతో పిస్టన్‌ను నా వైపు నెట్టి, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుకుంటూ, "ఏరేవోడి సెయ్యి పడ్డాక మాకు పూచీ నేదు. నువ్వు ఏ పిస్టన్ తెచ్చావో మాకేటి తెలుసు?" అన్నారు. అడ్వాన్సు తీసుకున్న రోజున "అన్నయ్యగారు", "మీరు" అన్న నోరే అది. ఫోటో చూపించాను. అటు చూడనైనా చూడకుండా, పక్కనున్న ఇద్దరు ముగ్గురికి వినపడేలా, "కొబ్బరికాయలు లెక్కెట్టుకునీవోడివి, పిస్టన్ల లెక్క నీకెందుకు? ఎల్లెల్లు" అన్నారు. వాళ్ళు నవ్వారు.

డబ్బు పోయినందుకంటే ఆ నవ్వుకు ఎక్కువ బాధ కలిగింది. ఆ నవ్వులో చేరనివాడు ఒక్క పనికుర్రాడు మాత్రమే. నా బండి దింపిన రోజు టీ తెచ్చినవాడే, మూల కూర్చొని వైరు బ్రష్షుతో ఏదో పాత పిస్టన్‌ను రుద్దుతున్నాడు. నా వైపు ఒకసారి చూసి మళ్ళీ తల దించుకున్నాడు. ఎవరి బండికి వేసే "కొత్త" పిస్టనో అది, ఆ బండి యజమాని దీన్ని చదువుతున్నారేమో. నేను గట్టిగా నాలుగు మాటలు అనవలసింది. నోరు పెగల్లేదు. పిస్టన్ సంచిలో వేసుకొని వచ్చేశాను. అనవలసిన మాటలన్నీ బస్సులో నరసన్నపేట దాటాక గుర్తొచ్చాయి.

అనుభవం మీద చెప్పేది కొంచెమే. బోరింగు చేసిన బ్లాకును, గ్రైండింగ్ చేసిన క్రాంకును లేత్ షాపులోనే మీ కళ్ళతో చూడండి. పిస్టన్లు బ్లాకులోకి దిగే పూట, హెడ్డు మూసేలోపు, అక్కడ నిలబడి నెత్తి మీది అంకెలు ఫోటో తీయండి. డబ్బాలో ఉండగా తీసిన ఫోటో నాలాగే ఎందుకూ పనికిరాదు. పాత సామాను సంచిలో వేయించుకోకుండా చివరి వాయిదా ఇవ్వకండి. "ఎస్టిమేట్" కాగితం బిల్లు కాదు. చెడిన ఇంజిన్‌ను ఇంకొకరి చేత విప్పించే ముందు, మొదటి షాపుకు ఫోనులో కాక రాతలో తెలియజేసి, విప్పేటప్పుడు వీడియో తీయించండి. నేను ఆ పని చేయలేదు, ఆయన పట్టుకున్నది కూడా దాన్నే.

ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తాను. ఐదు లక్షల లోపు పనికి అక్కడ ఫీజు లేదు. బండి వ్యాపారానికి వాడుతున్నావు కనుక నువ్వు వినియోగదారుడివి కావని వాళ్ళు వాదించవచ్చు, అయితే సొంత జీవనోపాధి కోసం తానే నడుపుకునేవాడికి 2019 చట్టంలో మినహాయింపు ఉంది. ఆ షెడ్డులో ఇలాగే పని చేయించుకున్నవారు మీలో ఉంటే దయచేసి నాకు సందేశం పెట్టండి, నా ఒక్కడి మాట కంటే ఇద్దరి ముగ్గురి మాటకు బరువుంటుంది. బండి టెక్కలిలో బోనెట్టు తెరిచి ఉంది. ఈసారి బ్లాకుతో పాటు లేత్ షాపుకు నేను కూడా వెళుతున్నాను.