తిరుపతి టికెట్ల పేజీ ప్రకటనలోని ఫోటోలో టికెట్లు పట్టుకుని నవ్వుతున్నది మా మేనల్లుడే. దాన్ని చూసి చెన్నై చెపాక్ క్రికెట్ మ్యాచ్ టికెట్లకు డబ్బు కట్టకండి

హౌరాలో తిరుగు రైలు ఎక్కి కూర్చుని, కోపం చల్లారకముందే దీన్ని రాస్తున్నాను. చల్లారితే సిగ్గు పైకి వచ్చి రాయనివ్వదేమోనని భయంగా ఉంది. తిరుపతిలో ఆటల టికెట్లు అమ్మే ఆ పేజీని, దాన్ని నడిపే మనిషిని ఇక్కడ కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. చెపాక్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉందంటే మన ఊరి నుంచి కార్లు మాట్లాడుకుని వెళ్ళేవారిలో చాలామందికి అతని నంబరు నోటికి వచ్చు. ఈ వేసవిలో నేనూ అతని దగ్గర రెండుసార్లు కొన్నాను, రెండుసార్లూ ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి వెళ్ళి కూర్చుని ఆట చూసి వచ్చాను. ఒక మనిషి నిండా మునగడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఇంకేం కావాలి?

ఈసారి కొన్నది క్రికెట్ టికెట్టు కాదు. నిన్న, 2023 సెప్టెంబరు 3న, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో అక్కడి ఫుట్‌బాల్ జట్లు మోహన్ బగాన్‌కూ ఈస్ట్ బెంగాల్‌కూ మధ్య జరిగిన డ్యురాండ్ కప్ ఫైనల్‌కు రెండు టికెట్లు కొన్నాను. 1888లో సిమ్లాలో మొదలైన ఆ కప్పును రెండు జట్లూ అప్పటిదాకా చెరి 16 సార్లు గెలిచి సమానంగా నిలిచాయి. పైగా 2004 తర్వాత ఈ కప్పు ఫైనల్లో అవి ఎదురుపడడం ఇదే మొదటిసారి. ఉద్యోగం పేరుతో ఆరేళ్ళు కోల్‌కతాలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపుల పిచ్చి నాకు అక్కడే పట్టింది, ఊరు మారినా వదలలేదు. దాన్ని మా అక్క కొడుక్కి కూడా అంటించిన ఘనత నాదే. వాడికి పద్నాలుగేళ్ళు.

ఆగస్టు 29న సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్ రెండు గోల్స్ వెనకబడి కూడా సమం చేసి, పెనాల్టీలలో నార్త్ ఈస్ట్ యునైటెడ్‌ను ఓడించిన రాత్రే ఆ పేజీ మనిషికి ఫోన్ చేశాను. "అన్నా, కోల్‌కతాలో మన మనుషులున్నారన్నా, పేపరు టికెట్టే మీ చేతికిస్తారు, నన్ను నమ్మన్నా" అన్నాడు. ఒక్కొక్కటి 1,500 చొప్పున ఆ రాత్రే పంపాను. 31న గోవా జట్టును ఓడించి మోహన్ బగాన్ కూడా ఫైనల్‌కు రాగానే, అర్ధరాత్రి దాటాక అతనే ఫోన్ చేసి, ఇప్పుడది డెర్బీ (ఒకే ఊరి రెండు జట్ల పోరు) అయింది కనుక ఇంకో వెయ్యేసి పంపకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు. అప్పటికే రేణిగుంటలో రైలు ఎక్కడానికి తత్కాల్ టికెట్లు చేతిలో ఉన్నాయి. పంపాను. మొత్తం 5,000 అయింది.

ఇక్కడ నన్ను నేను నాలుగు మాటలు అనుకోకపోతే న్యాయం కాదు. కొండకు వచ్చే చుట్టాలు మా ఇంట్లో దిగితే, కాఫీ గ్లాసు చేతికి ఇవ్వకముందే నేను వాళ్ళకు ఇచ్చే సలహా ఒకటుంది: 300 రూపాయల దర్శనం టికెట్టు దేవస్థానం వెబ్‌సైటులో తప్ప ఎక్కడా కొనవద్దు, విష్ణునివాసం వసతిగృహం ముందు ఎవరైనా దగ్గరకు వచ్చి చెవిలో మాట్లాడితే ఆగకుండా నడిచిపొండి అని. దళారుల గురించి అంత ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి, రెండు వేల రూపాయల రైలు ఖర్చు మీద అయిదు వేలు దళారికి పోసి, వాడు దయతలచి ఇచ్చే కాగితం కోసం ఊరుగాని ఊళ్ళో ఎండలో నిలబడ్డాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు స్టేడియం బయట టీ కొట్టు దగ్గర మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా కవరు ఇచ్చి వెళ్ళిపోయాడు. వెంటనే మన తిరుపతి మహానుభావుడు ఫోన్ చేసి, టికెట్లు అందినట్టు ఒక ఫోటో పంపమని, అది చూస్తేగానీ ఆ కుర్రాడికి కూలి ఇవ్వడం కుదరదని అడిగాడు. పాపం, ఎవరి కూలి ఎందుకు ఆపాలని, మెడలో ఎరుపు పసుపు కండువాతో ఉన్న మా వాణ్ణి స్టేడియం ముందు నిలబెట్టి, రెండు టికెట్లూ చేత్తో ఎత్తి పట్టించి, నవ్వమని చెప్పి మరీ ఫోటో తీసి పంపాను. ఆ ఫోటో సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మూడున్నరకు వరుసలో మా వంతు వచ్చింది. గేటు దగ్గరి మనిషి టికెట్టు తీసుకుని, కొస భాగం చించబోయాడు. అసలు టికెట్టుకు చించే చోట వరుసగా సన్నని చిల్లులుంటాయి కాబట్టి, మా ముందు వాళ్ళందరివీ చిటికెలో తెగాయి. మాది వంకరగా, మధ్య దాకా చిరిగింది. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా నాకు చూపించాడు. చిల్లులు లేవు, చిల్లుల బొమ్మ అచ్చు వేసి ఉంది, అంతే. కలర్ జిరాక్స్. రెండోది చించి చూసే శ్రమ కూడా అతను పడలేదు. వెనక ఉన్నవాళ్ళు తోస్తుంటే మేమిద్దరం పక్కకు వచ్చాము.

అప్పుడు ఆ తిరుపతి మనిషికి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. సంగతంతా చెప్పి, ఆ కుర్రాణ్ణి మళ్ళీ పంపమని, లేదా డబ్బయినా వెనక్కి వేయమని మర్యాదగానే అడిగాను. అయిదు రోజులుగా ప్రతి మాటకూ "అన్నా, అన్నా" అన్న నోటితోనే అతను అన్న మాటలు ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "ఏమయ్యా, చదువుకున్నోడివేనా నువ్వు? బ్లాకులో కొన్నప్పుడు తెలీదా? టికెట్లు అందినాయని నువ్వే కదా ఫోటో పెట్టినావు, ఇప్పుడొచ్చి దొంగవంటే ఎట్ల? ఫుట్‌బాలే కదా, టీవీలో చూస్కో పో."

అయిదు వేలు పోవడం కంటే, ఆ "నువ్వు" కంటే, ఫోటో ఎందుకు అడిగాడో ఆ క్షణంలో అర్థం కావడం ఎక్కువ బాధించింది. నా మీద సాక్ష్యం నా చేతే, అదీ పిల్లవాడి నవ్వుతో కలిపి తీయించుకున్నాడు. ఫోన్ నా చెవి దగ్గరే ఉంది కాబట్టి మా వాడికి అన్నీ వినిపించే ఉంటాయి. వాడు కండువా తీసి మడిచి సంచిలో పెట్టుకున్నాడు, ఏమీ అడగలేదు.

ఆట గోడ బయటే విన్నాము. ఝాల్‌మురీ (మరమరాల మిక్చరు) అమ్మే ఒక ముసలాయన తన ఫోనును డబ్బాకు ఆనించి పెట్టి చూస్తుంటే, చెరొక పొట్లం కొని పక్కన నిలబడ్డాము. ఆయన ఫోనులో ఆట అర నిమిషం వెనకగా నడుస్తోంది: ముందు గోడ అవతలి నుంచి కేక వస్తుంది, సంగతేమిటో తర్వాత తెలుస్తుంది. 62వ నిమిషంలో మోహన్ బగాన్ ఆటగాడు అనిరుధ్ థాపా రెండో పసుపు కార్డుతో బయటికి వెళ్ళాక, ఎదుటి జట్టు పదిమందే మిగిలారని మా వాడి ముఖంలో కాస్త రంగు వచ్చింది. 71వ నిమిషానికి నేల అదిరేంత కేక లేచింది. "మామా, మనదేనేమో" అన్నాడు. ఆ అర నిమిషమూ మేము గెలుస్తూనే ఉన్నాము. తర్వాత ఆ చిన్న తెర మీద మోహన్ బగాన్ ఆటగాడు పెట్రాటోస్ బంతిని ఒంటరిగా ముందుకు తీసుకువచ్చి ఎడమకాలితో దూరం నుంచి కొట్టడం, అది వలలో పడడం కనిపించాయి. 1-0. మోహన్ బగాన్‌కు 17వ కప్పు. టికెట్టు దొంగదైతే అయింది, కనీసం ఫలితమైనా మనవైపు ఉండకూడదా?

ఇక ఇంత హడావిడిగా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ ఉదయం రైల్లో ఫోన్ తెరిస్తే ఆ పేజీలో కొత్త ప్రకటన కనిపించింది: "డెర్బీ ఫైనల్ చూసిన మన తిరుపతి కస్టమర్లు, వంద శాతం జెన్యూన్" అని పైన రాసి, కింద మా వాడి ఫోటో పెట్టాడు. దాని కిందనే అక్టోబరు 8న చెపాక్‌లో జరగబోయే భారత్, ఆస్ట్రేలియా ప్రపంచకప్ మ్యాచ్‌కు టికెట్లున్నాయని, సగం డబ్బు అడ్వాన్సు కట్టాలని ఉంది. ఆ ఫోటోలోని కుర్రాడు ఆట చూడలేదు. ఫోటో తీసిన గంటన్నరకు వాడు గేటు దగ్గర చిరిగిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

డబ్బు ఇప్పటికే కట్టినవారు ఉంటే, యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి; నేను చేయించాను, ఆలస్యమైందని వాళ్ళూ చీవాట్లు పెట్టారు. కట్టనివారు కట్టకండి. టికెట్టు చేతికి వచ్చినా గేటు దాటేదాకా ఎవరికీ ఫోటో పంపకండి. ఆ ప్రకటన మీ కంటబడితే దాని కింద ఈ సంగతి ఒక్క వాక్యమైనా రాయండి, ఎందుకంటే నేను రాసినది పది నిమిషాలు కూడా ఉంచకుండా తీసేసి, నన్ను బ్లాక్ చేశాడు.