వెండి లెక్కతో చదవాల్సిన ప్రేమకథ

మింగ్ రాజవంశ కాలపు చైనా కథల్లో ప్రేమ, డబ్బు, ద్రోహం ఎలా పెనవేసుకున్నాయో చూడాలంటే ‘స్టోరీస్ టు కాషన్ ద వరల్డ్’ తెరిచి నేరుగా 32వ కథకి, దూ షినియాంగ్ అనే వేశ్య కథకి, వెళ్లండి. 1624లో ఫెంగ్ మెంగ్‌లోంగ్ వెలువరించిన 40 కథల సంపుటి ఇది. షుహుయీ యాంగ్, యున్‌చిన్ యాంగ్ చేసిన ఇంగ్లిష్ అనువాదాన్ని వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రెస్ 2005లో తెచ్చింది. పుస్తకం లావు, కథలన్నీ ఒకే స్థాయిలో ఉండవు. వరసగా చదవబోతే సగంలో ఆగిపోతారు.

ఈ కథ మొదట్లో రాజవంశ చరిత్ర, యుద్ధాల ప్రస్తావన వస్తాయి. విసుగనిపించినా దాటేయకండి. అప్పటి కొరియా యుద్ధం ఖర్చు కోసం ప్రభుత్వం డబ్బు తీసుకుని రాజధాని విద్యాలయంలో సీట్లు ఇచ్చింది. ఆమె ప్రేమికుడు లీ జియా చదువు అలా కొన్నదే. కథలో మొదటి కొనుగోలు అది.

అక్కణ్నుంచి వెండి లెక్క రాసుకుంటూ చదవండి. దూ షినియాంగ్‌ని వదలడానికి వేశ్యాగృహం యజమానురాలు అడిగింది 300 లియాంగ్‌లు, గడువు పది రోజులు. లియాంగ్ అంటే దాదాపు 37 గ్రాములు. లీ జియాకి ఎక్కడా అప్పు పుట్టదు. పరుపు దూదిలో దాచిన 150 ఆమే ఇస్తుంది, మిగతా 150 స్నేహితుడు లియు యూచున్ తిరిగి తిరిగి అప్పు తెస్తాడు. దారి ఖర్చులకి 20, పడవ అద్దెకి మాట్లాడుకునేటప్పుడు 50 కూడా ఆమె చేతి నుంచే. ప్రేమికుడి సొంత సొమ్ము ఇందులో ఒక్క లియాంగ్ లేదు. అలాంటివాడు గ్వాజౌ రేవులో, ఉప్పు వ్యాపారుల ఇంటివాడు సున్ ఫు 1000 ఇస్తాననగానే, తండ్రి కోపానికి జడిసి ఆమెని అమ్మేస్తాడు.

మర్నాటి ఘట్టం అసామాన్యం. తెల్లవారకముందే లేచి ఆమె ముస్తాబవుతుంది. వెండి వచ్చి చేరాక తన వెంట తెచ్చుకున్న పెట్టె తెప్పించి, సొరుగులు లీ జియా చేతే లాగిస్తుంది. మొదట తలలో పెట్టుకునే నగలు, తర్వాత జేడ్ పిల్లనగ్రోవులు, ఆపైన పాతకాలపు విలువైన వస్తువులు, చివరికి ముత్యాలు, రత్నాలు. అన్నీ ఏట్లోకే. పెట్టె విలువ పదివేలకి తక్కువ కాదు. అతను ఏడుస్తూ పట్టుకోబోతే తోసేసి, పెట్టెతో సహా దూకేస్తుంది. పెట్టె సంగతి ముందే చెప్పి ఉండొచ్చుగా అనిపిస్తుంది. చెప్పి ఉంటే అతను తనని కోరాడా, పెట్టెనా అన్నది ఎప్పటికీ తేలేది కాదు. ఆ మౌనమే కథకి ప్రాణం అని నా నమ్మకం.

చివర్లో పాపులకి పిచ్చి, జబ్బు, మేలు చేసినవాడికి బహుమతి. ఈ పంపకం మాత్రం హడావిడిగా ఉంది.

ఇది పూర్తయ్యాక అదే అనువాదకులు తెచ్చిన ఫెంగ్ మూడో సంపుటి ‘స్టోరీస్ టు అవేకెన్ ద వరల్డ్’లో మూడో కథ, నూనె అమ్ముకునే చిన్ చోంగ్ కథ, చదవండి. ఒక్క రాత్రి కోసం ఏడాదికి పైగా కూడబెట్టిన 10 లియాంగ్‌లు ఇచ్చి, తాగి పడుకున్న వేశ్యకి టీ కూజా చల్లారకుండా గుండెకి హత్తుకుని కూర్చుంటాడతను. ఆమె తనని తాను విడిపించుకునే ధర కూడా 1000 లియాంగ్‌లే.