జయపురంలో థ్రెషోల్డ్ పరీక్ష: ఆరు వందల రూపాయలకు 232 వాట్లు

జయపురంలో మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక సైకిల్ షాపులో ఈ వేసవి మొదట్లో ఎఫ్‌టీపీ పరీక్ష చేయించుకున్నాను. షాపు పేరు రాయను. ఈ ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళకు రాయనక్కర్లేదు కూడా. ఎఫ్‌టీపీ అంటే ఫంక్షనల్ థ్రెషోల్డ్ పవర్, రమారమి గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ శక్తి. ఏ రోజు ఎంత గట్టిగా తొక్కాలన్నది ఈ ఒక్క అంకెను బట్టే నిర్ణయించుకుంటాం కనుక, అది తప్పితే నెలల తరబడి చేసే శిక్షణ మొత్తం పక్కదారి పడుతుంది. నా విషయంలో ఆరు వారాలు అలాగే పక్కదారి పట్టాయి.

ముందుగా మంచి చెప్పాలి. ట్రైనర్ (సైకిలును బిగించి ఒకచోటే తొక్కే యంత్రం) నాణ్యమైనది: వెనక చక్రం తీసేసి చైనును నేరుగా దాని గేర్ల మీదకు ఎక్కిస్తారు. దాని మీద ఉన్నది పదకొండు గేర్ల క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), నాది ఎనిమిది గేర్ల పాత సైకిలు. షాపు కుర్రాడు మారుమాట లేకుండా క్యాసెట్ మార్చాడు, అందుకు అదనంగా ఏమీ అడగలేదు. పది నిమిషాలు తొక్కించి, ట్రైనర్ వేడెక్కాకనే కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేశాడు. పెద్ద ఊళ్ళలో కూడా ఈ వరుస పాటించని వారిని చూశాను.

వాళ్ళు చేసేది ర్యాంప్ టెస్ట్. 100 వాట్ల దగ్గర మొదలై, నిమిషానికి 20 వాట్ల చొప్పున భారం పెరుగుతూ పోతుంది. కాళ్ళు ఆగిపోయేదాకా తొక్కడమే మన పని. 300 వాట్ల మెట్టు పూర్తయి 320 మొదలయ్యేసరికి నాకు ఎదురుగా గోడ మీద ఉన్న క్యాలెండర్‌లో అంకెలు అలుక్కుపోయాయి. "మాస్టారూ, ఆపకండి, ఇంకొక్క అర నిమిషం!" అని కుర్రాడు అరుస్తూనే ఉన్నాడు, సరిగ్గా ఆ అర నిమిషానికే ఆగిపోయాను. చివరి నిమిషం సగటు 310 వాట్లు. అందులో 75 శాతాన్ని ఎఫ్‌టీపీగా లెక్కిస్తారు, అంటే 232. నా బరువు 74 కిలోలు కాబట్టి కిలోకు మూడు వాట్లు దాటాయి. ఆ సంగతి ఇంట్లో రెండు సార్లు చెప్పుకున్నాను, రెండో సారి ఎవరూ వినలేదు.

అమెరికన్ వ్యాయామ శాస్త్రవేత్త ఆండ్రూ కాగన్ రూపొందించిన, తొక్కే తీవ్రతను ఏడు జోన్లుగా విడదీసే పట్టికను నా అంకెతో నింపి, ఒక పేజీ ముద్రించి ఇచ్చారు. దాని ప్రకారం తేలిక సవారీలకు పై హద్దు 174 వాట్లు. ఎడమ క్రాంకుకు (పెడల్ కడ్డీకి) అమర్చిన పవర్ మీటర్ నాకు ఉంది. అది ఒక కాలి బలాన్నే కొలిచి రెండింతలు చేసి చూపుతుంది. ట్రైనర్ మీద రెండింటినీ పక్కపక్కన చూసినప్పుడు అది ఆరు వాట్లు ఎక్కువ చూపింది, ఆ మేరకు సర్దుకున్నాను. మీ సైకిలుకూ మీటర్ ఉంటే ఈ తేడాను మీరే అడిగి రాసుకోవాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

బొరిగుమ్మ రోడ్డు మీద 165, 170 వాట్లతో సాగిన తేలిక సవారీలు తేలికగా లేవు. మూడో వారానికి మేడమెట్లు ఎక్కినా తొడలు పట్టేసేవి. 220 వాట్ల దగ్గర ఇరవై నిమిషాల చొప్పున రెండు విడతలు చేయవలసిన రోజున మొదటిది ఈడ్చుకొచ్చాను, రెండోది ఆరో నిమిషంలోనే వదిలేశాను. ఎండను తిట్టుకున్నాను, నిద్రను అనుమానించాను, అంకెను మాత్రం అనుమానించలేదు.

ఆరో వారం ముగిశాక షాపుకు మళ్ళీ వెళ్ళి, అదే ట్రైనర్ మీద ఇరవై నిమిషాల పరీక్ష పెట్టమని అడిగాను. వాళ్ళ ధరల పట్టికలో అది లేదు. మరో మూడు వందలు తీసుకుని ఒప్పుకున్నారు. ఇందులో అసలు కిటుకు ముందు తొక్కే అయిదు నిమిషాల్లో ఉంది. ఆ అయిదు నిమిషాలూ బలమంతా పెట్టి తొక్కి, పది నిమిషాలు తేలికగా సాగి, ఆ తరవాతే అసలు ఇరవై నిమిషాలు మొదలుపెట్టాలి. థ్రెషోల్డుకు పైన కొద్దిసేపు తొక్కించే నిలవ బలం ముందే కొంత ఖర్చయిపోతుంది కనుక, తరవాత వచ్చే సగటులో దాని వాటా తగ్గుతుంది. నా సగటు 214 వాట్లు; అందులో 95 శాతం 203. మొదటి అంకెకూ దీనికీ 29 వాట్ల తేడా.

కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడినవాణ్ణి, నాకు ఆ నిలవ ఎక్కువ. ర్యాంప్‌లో చివరి మెట్లు దానితోనే ఎక్కాను, 75 శాతం అనే సూత్రానికి ఆ సంగతి తెలియదు. పర్లాకిమిడిలో ఉండే మా బావమరిది 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సవారీలు) తొక్కే మనిషి, అతనికి ఉరుకు తక్కువ, ఓపిక ఎక్కువ. అదే షాపులో అతనికి ర్యాంప్ 190 చూపింది, ఇరవై నిమిషాల పరీక్ష 196 చూపింది.

నమ్మకం చాలక, కోరాపుట్ వెళ్ళే ఘాట్ రోడ్డు మీద తెల్లవారకముందే, లారీలు పలచగా ఉన్న వేళ, మరో లెక్క కూడా వేసుకున్నాను. ఒక రోజు మూడు నిమిషాలు, ఇంకో రోజు పన్నెండు నిమిషాలు శక్తికొద్దీ తొక్కాను. మీటర్ చూపే అదనపు ఆరు వాట్లు తీసేశాక 316, 233 వచ్చాయి. వాట్లను సెకన్లతో గుణిస్తే పని: 56,880 జౌళ్ళు, 1,67,760 జౌళ్ళు. ఆ రెండింటి తేడాను కాలాల తేడా అయిన 540 సెకన్లతో భాగిస్తే 205 వాట్లు. దీన్ని క్రిటికల్ పవర్ అంటారు, ఎఫ్‌టీపీకి దగ్గరి చుట్టం. మొదటి మూడు నిమిషాల పనిలోంచి 205 వాట్ల వాటా తీసేస్తే మిగిలేది ఇంచుమించు 20 కిలోజౌళ్ళు. ర్యాంప్‌ను మోసగించిన నిలవ అదే.

203 ప్రకారం తేలిక జోన్ 152 దగ్గరే ఆగుతుంది. అంటే ఆరు వారాలు నేను విశ్రాంతి అనుకుని తొక్కినదంతా దాని పైనున్న టెంపో జోన్‌లో పడింది. పెద్ద అంకె వల్ల గట్టి రోజులు చెడతాయని అందరూ భయపడతారు. గట్టి రోజున తప్పు ఉంటే ఆరో నిమిషంలోనే బయటపడుతుంది, తేలిక రోజుల్లో అయితే చప్పుడు లేకుండా పేరుకుంటుంది.

షాపుపై నా ఫిర్యాదు రెండు విషయాలకే. గదిలో ఉన్న ఒకే ఒక టేబుల్ ఫ్యాను పక్క నుంచి వీస్తుంది. ఆరుబయట తొక్కేటప్పుడు తగిలే గాలి లోపల ఉండదు, చెమట ఆరదు, గుండె వేగం ఊరికే పెరుగుతుంది. అందుచేత ఇరవై నిమిషాల పరీక్షకు ఎదురుగా పెద్ద ఫ్యాను తప్పనిసరి. రెండోది, ముద్రించిన పేజీలో అంకె ఉంది కానీ అది ఏ పరీక్షతో వచ్చిందో లేదు. ఈ మాట చెప్పగానే కుర్రాడు నా కాగితం మీద "20 ని." అని పెన్నుతో రాసిచ్చాడు.

రేటు న్యాయమైనదే, నేను మళ్ళీ వెళతాను. మీరు వెళ్ళేముందు ఫోన్ చేసి ఇరవై నిమిషాల పరీక్షే కావాలని అడగండి, సైకిలుకు ఎన్ని గేర్లో చెప్పండి, రెండు తువ్వాళ్ళు పట్టుకెళ్ళండి. ఫ్యాను నేను ఇంటి నుంచే తీసుకెళతాను.