నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, ఆఖరి పది సెకన్లు

నేను హైస్కూల్లో నాటకం నేర్పే టీచర్ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. డైరెక్షన్ నేనే, మేకప్ నేనే, తెర వెనక డైలాగులు అందించేదీ నేనే. అందుకే లైట్లు కొనేటప్పుడు నేను చూసుకునేది ఒక్కటే: తొమ్మిదో తరగతి పిల్లాడికి అప్పగించి నిశ్చింతగా స్టేజీ పక్కన వింగ్‌లో నిలబడగలనా?

ఈ సెట్‌లో నాలుగు ఎల్‌ఈడీ పార్ లైట్లు (స్టేజీ మీదకి వెలుగు వేసే డబ్బా లైట్లు), ఒక చిన్న కంట్రోల్ బోర్డు వస్తాయి. రెండేళ్లుగా వాడుతున్నాం.

మా పాత హాలోజన్ పార్లు ఒక్కోటి 500 వాట్లు. కాసేపు వెలిగితే చాలు, డబ్బా తగిలితే చెయ్యి కాలేది. నీలం వెలుగు కావాలంటే నీలం జెలటిన్ కాగితం కట్టాలి. అది సగానికి పైగా వెలుగును మింగేసేది, పైగా కొన్ని షోలకే మధ్యలో రంగు వెలిసిపోయేది. నిచ్చెనెక్కి మార్చేది మళ్లీ నేనే. ఇప్పుడు స్లైడర్ జరిపితే చిక్కటి నీలం వచ్చేస్తుంది. నా మోకాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

అడ్రస్‌లు, అంటే బోర్డు ఒక్కో లైటునూ గుర్తుపట్టే నంబర్లు, పెట్టడం దగ్గర మొదట్లో తికమక పడ్డాం. ఏడు చానెళ్ల మోడ్‌లో ఒక్కో లైటు ఏడేసి నంబర్లు తీసుకుంటుంది, కాబట్టి మొదటి లైటు 1 అయితే, తర్వాతవి 8, 15, 22. ఒకసారి పిల్లలు రెండు లైట్లకీ 8 పెట్టేశారు. రాజు మీద పడాల్సిన ఎరుపు అవతల మూల చెట్టు మీదా పడింది. చెట్టు వేషంలో ఉన్న పిల్లకు కోపం రాలేదు కానీ, రాజుకొచ్చింది.

అసలు గొడవ చీకటితో. నాటకం చివర అవ్వ ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంటుంది. పది సెకన్లలో వెలుగు మెల్లగా పోవాలి. హాలోజన్ అయితే లోపలి తీగ చల్లబడటానికి సమయం తీసుకుంటుంది, ఎర్రబడుతూ నిప్పుకణికలా ఆరుతుంది. ఈ ఎల్‌ఈడీ మాత్రం చివరికొచ్చేసరికి మెట్లు దిగినట్టు తగ్గి, టక్కున ఆరింది. ఎవరో స్విచ్ కట్టేశారనుకుని హాల్లో నవ్వులు. అవ్వ వేషం వేసిన పిల్ల తెర వెనక్కి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది.

మెనూ అంతా వెతికితే వెలుగు తగ్గించే డిమ్మర్‌కి నాలుగు రకాల సెట్టింగులు కనిపించాయి. అన్నిటికన్నా నెమ్మదైనది పెట్టాక చాలా నయం, కానీ పూర్తిగా పోలేదు. అందుకే ఆ ఒక్క సీన్ కోసం పాత హాలోజన్ ఒకటి దాచుకున్నాను. ఇంకోటి, ఫ్యాన్ చప్పుడు. పాటలప్పుడు తెలీదు, మౌనంగా నిలబడే చోట మాత్రం ముందు వరసకి గుయ్ మని వినిపిస్తుంది. లైట్లు కొంచెం వెనక్కి జరిపి సర్దుకున్నాం.

బోర్డు చూసుకునే పిల్లాడు స్టేజీ మీద నోరు విప్పడు. ఆడిషన్‌లో రెండు మాటలకే చెమటలు పట్టాయి. వాడిప్పుడు పెదాలు కదుపుతూ పది నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ స్లైడర్ దించుతాడు. నేను వేలు ఎత్తక్కర్లేదు.

నేనైతే మూడు స్టార్లు ఇద్దామనుకున్నా. వాడు నాలుగన్నాడు. బోర్డు దగ్గర కూర్చునేది వాడే కాబట్టి, నాలుగు.