పైకప్పు చూపించని క్యాంపర్‌వ్యాన్ సంస్థకు డిపాజిట్ కట్టవద్దు: బార్సిలోనాలో మాకు ఎదురైన అనుభవం

స్పెయిన్, ఫ్రాన్సు దేశాల మధ్యధరా తీరం వెంబడి క్యాంపర్‌వ్యాన్‌లో (లోపలే పడుకుని, వండుకుని తిరగగలిగే బండిలో) తిరిగి రావాలని బుకింగ్ చేసుకున్నవారు గానీ, చేసుకోబోతున్నవారు గానీ దయచేసి ఇది చదివిన తరువాతే మిగతా సొమ్ము చెల్లించండి. బార్సిలోనా విమానాశ్రయానికి దగ్గరలోని ఒక అద్దె సంస్థ, మా చేతికి రాకముందే పగిలి ఉన్న భాగానికి మా డిపాజిట్‌లో నుంచి పెద్ద మొత్తం మినహాయించుకుంది. వివాదం ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. అయితే వారు అనుసరించిన పద్ధతి ఆ ఒక్క సంస్థకే పరిమితం కాదని, ఎవరైనా సులువుగా అనుసరించగలిగినదని నా అభిప్రాయం. అందువల్ల పేరు కంటే పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేనూ మా వారూ హైదరాబాదు నుంచే బుకింగ్ చేసుకున్నాము. బండి ఎత్తు పైకప్పు ఉన్న ఫియట్ డుకాటో, మొత్తం ఎత్తు దాదాపు 2.6 మీటర్లు. డిపాజిట్ 1,500 యూరోలు. ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు ఒప్పుకోరు. ఒప్పందం ఎవరి పేరున ఉంటే వారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. ఇంతవరకు ఈ వ్యాపారంలో మామూలే. దీనికి తోడు, రోజుకు ఇంత అని అదనంగా చెల్లిస్తే ఏ నష్టానికీ మన బాధ్యత ఉండదని చెప్పి "పూర్తి రక్షణ" పేరుతో ఒక బీమా కూడా అంటగట్టారు. ఆ బీమా షరతులలో చివరి పేజీలో, మిగతా వాటికంటే చిన్న అక్షరాలలో, పైకప్పు, బండి అడుగుభాగం, టైర్లు, అద్దాలు, లోపలి సామాను, బయటికి లాగే పందిరి దీని పరిధిలోకి రావని ఉంటుంది. క్యాంపర్‌వ్యాన్‌కు దెబ్బ తగిలేదే ఎక్కువగా ఈ చోట్ల. వీటన్నిటినీ తీసేసిన తరువాత ఆ "పూర్తి"లో మిగిలేది ఏమిటో మీరే ఊహించుకోవచ్చు.

బండిని అప్పగించే పని వారు కావాలనే సాయంత్రం కార్యాలయం మూసే వేళకు పెట్టారని ఇప్పుడు అనిపిస్తోంది. తనిఖీ పత్రంలో బండి బొమ్మ ముందు, వెనుక, కుడి, ఎడమ అని నాలుగు వైపులా గీసి ఉంది కానీ పైభాగం బొమ్మ లేదు. పైకప్పు చూడాలి, నిచ్చెన ఇవ్వండి అని మా వారు అడిగితే, నిచ్చెన లేదని, పైన ఏమీ లేదని, ఎవరూ పైకి ఎక్కి చూడరని ఆ ఉద్యోగి నవ్వుతూ చెప్పాడు. సంతకం చేసే ముందు ఆ పత్రం మీదనే "అడిగినా పైకప్పు చూపించలేదు" అని ఇంగ్లీషులో చేత్తో రాసి, ఉద్యోగి ఎదుటే ఫోటో తీసుకున్నాము. అతని ముఖంలో నవ్వు మాయమైంది గానీ, తాళాలు మాత్రం ఇచ్చాడు. తరువాత మమ్మల్ని కొంతైనా కాపాడింది ఆ ఒక్క వాక్యమే.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. ఫిగరెస్ మీదుగా సరిహద్దు దాటి కొలియూర్, లకాట్, సెట్, ఎగ్ మోర్త్ చూసుకుంటూ కమార్గ్ దాకా వెళ్లి, అదే దారిన వెనక్కి వచ్చాము. బండిని తిరిగి అప్పగించిన ఉదయం, మొదటి రోజు లేదన్న నిచ్చెన గోడకు ఆనించి సిద్ధంగా ఉంది. ఉద్యోగి మరే భాగమూ చూడకుండా నేరుగా దాని మీదికెక్కి, పైకప్పు మధ్యలో గాలి కోసం ఉండే ప్లాస్టిక్ కిటికీ మూత పగిలిందని కిందికి కేకేశాడు. కొత్త మూతకు, బిగించే కూలికి, మరమ్మతు జరిగినన్ని రోజులు బండి అద్దెకు పోనందుకు అన్నీ కలిపి 1,180 యూరోలు లెక్క కట్టారు. దానికి తోడు, మేము శుభ్రం చేసే ఇచ్చిన టాయిలెట్ క్యాసెట్‌కు (బండిలోని మరుగుదొడ్డి కింద ఉండే, తీసి ఖాళీ చేసే పెట్టెకు) మళ్లీ శుభ్రం చేసే రుసుము 120 యూరోలు.

మా వారు తానూ ఎక్కి చూస్తానని పట్టుబట్టారు. మూత మీద అరచేతి పొడవున బీట ఉన్న మాట నిజమే. కానీ ఆ బీట పొడవునా ఎవరో ఎప్పుడో పూసిన సీలెంట్ (బీటలు పూడ్చే జిగురు) ఉంది. అది ఎండలకు పసుపు రంగుకు తిరిగి, గట్టిపడి, అంచుల దగ్గర పొరలు పొరలుగా లేస్తోంది. ఆ పొరల అడుగున ఎండిపోయిన పైన్ ఆకులు రెండు మూడు అతుక్కుని ఉన్నాయి. సూదుల్లాంటి ఆ ఆకులు పైన పడితే గాలికి ఎగిరిపోతాయి. సీలెంట్ కింద ఉన్నాయంటే అది పూసే వేళకే అక్కడ ఉన్నాయని అర్థం. అంత దగ్గర నుంచి తీసిన ఫోటోలు చూపించినా ఆ ఉద్యోగి తన మాట మార్చుకోలేదు. ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున పార్కింగ్ ప్రవేశంలో ఎత్తును అడ్డుకునే కమ్మీని మీరు గుద్ది ఉంటారని వాదించాడు.

అలాంటి కమ్మీలు ఉన్న మాట వాస్తవం. ఆ తీరంలో చాలా పార్కింగ్ స్థలాలకు సుమారు రెండు మీటర్ల ఎత్తులో అడ్డుకమ్మీ ఉంటుంది, క్యాంపర్‌వ్యాన్లు లోపలికి రాకూడదనే పెడతారు. అయితే 2.6 మీటర్ల బండి దానిని గుద్దితే ముందు దెబ్బతినేది డ్రైవరు నెత్తి మీది అంచు. అక్కడ గీత కూడా పడకుండా పైకప్పు నడుమ ఉన్న మూత మాత్రమే పగలడం ఎలా సాధ్యమో అతను చెప్పలేకపోయాడు. మాకు పనికొచ్చిన మరో ఆధారం టోల్ రశీదులు. స్పెయిన్‌లో తర్రగోనా నుంచి లా జుంకేరా దాకా ఏపీ-7 రహదారి మీద 2021 నుంచి టోల్ లేదు గానీ, సరిహద్దు దాటగానే ఫ్రాన్సు ఏ9 మీద ఉంటుంది. అక్కడ రెండు మీటర్ల కంటే ఎత్తు, మూడు మీటర్ల లోపు ఉన్న వాహనాన్ని రెండవ తరగతిగా లెక్కించి కారు కంటే ఎక్కువ వసూలు చేస్తారు. (బుకింగ్ సమయంలో "కారు టోలే పడుతుంది" అని ఈ సంస్థే మాకు చెప్పింది, అది వేరే సంగతి.) మా రశీదులన్నిటి మీద రెండవ తరగతి అని అచ్చయి ఉంది కాబట్టి, టోల్ గేట్ల దగ్గర ఎత్తు పరిమితి ఉన్న కార్ల వరుసలోకి మేము బండిని దూర్చలేదని చూపించగలిగాము.

స్పెయిన్‌లో ప్రతి వ్యాపార సంస్థా ఓహా దె రెక్లమాసియోనెస్ అనే అధికారిక ఫిర్యాదు పత్రాన్ని అడిగిన వినియోగదారుకు ఇచ్చి తీరాలి. మొదట అయిపోయాయన్నారు. అయితే స్థానిక పోలీసులను పిలుస్తామని మర్యాదగానే చెప్పేసరికి సొరుగులోంచి ఒకటి బయటికి వచ్చింది. దానిని నింపి, మన వంతు ప్రతి తీసుకుని, ఇంటికి వచ్చాక ఆ ప్రతిని, ఫోటోలను, తనిఖీ పత్రాన్ని, టోల్ రశీదులను జతచేసి ఇక్కడి బ్యాంకులో కార్డు వివాదం నమోదు చేశాము. కొన్ని వారాల తరువాత సంస్థ మూత ఖరీదును, కూలిని తిరిగి ఇచ్చింది. బండి ఖాళీగా ఉన్న రోజుల సొమ్ము, క్యాసెట్ రుసుము ఇంకా వారి దగ్గరే ఉన్నాయి. తిరిగి వచ్చిన దానిలోనూ మారకపు రేటు తేడా, బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము మా నెత్తినే పడ్డాయి. అందుకే డిపాజిట్ మొత్తాన్ని కార్డు మీద నిలిపి ఉంచుతారా, లేక వసూలు చేసుకుని తరువాత వెనక్కి ఇస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా అడగండి. రెండవదైతే వివాదం ఏమీ లేకపోయినా నష్టపోయేది మనమే. కార్డు యంత్రం రూపాయలలో చెల్లిస్తారా అని అడిగితే యూరోలే ఎంచుకోండి.

ఈ సంస్థ ప్రకటనలో మరో మాట కూడా నమ్మదగినది కాదు: "నచ్చిన బీచ్ పక్కన నిద్రించండి" అని. స్పెయిన్ తీర చట్టం ప్రకారం బీచ్ మీద వాహనం నిలపడం, మకాం వేయడం నిషిద్ధం. మామూలు పార్కింగ్‌లో నిలిపి లోపల నిద్రపోవడం వేరు, కుర్చీలు వేసి పందిరి లాగడం వేరు. రెండవది మకాం కిందికి వస్తుంది. ఫ్రాన్సు సముద్ర తీరంలోనూ క్యాంప్‌సైట్ బయట మకాం వేయనివ్వరు. జరిమానా పడితే అది బండి యజమాని ద్వారా మీకు చేరుతుంది, యజమాని దాని మీద తన రుసుము కలుపుతాడు. ఆగస్టులో వెళ్లేవారు క్యాంప్‌సైట్ ఖర్చును ముందే బడ్జెట్‌లో వేసుకోవాలి; మాకు ఆ ఖర్చు బండి అద్దెతో పోటీపడింది.

మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరిగా తీసుకువెళ్లండి, అది ఏడాది చెల్లుతుంది. భార్యాభర్తలిద్దరూ నడిపేటట్లయితే ఇద్దరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి. జర్మనీ, ఐర్లండ్ వంటి దేశాలలో నివసించే తెలుగువారికి మరో మార్గం ఉంది: యూరోపియన్ యూనియన్‌లోని వేరొక సభ్య దేశపు సంస్థ మీద ఫిర్యాదు ఉంటే యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్ ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తుంది. భారతదేశం నుంచి వెళ్లే మనకు ఫిర్యాదు పత్రం, కార్డు వివాదమే దిక్కు.

మీ బుకింగ్ కూడా ఆ విమానాశ్రయం దగ్గరి సంస్థలోనే అయి ఉండి, తనిఖీ పత్రంలో నాలుగు వైపుల బొమ్మే ఉండి, అప్పగింత సాయంత్రం ఆరు తరువాత అని రాసి ఉంటే, ఈరోజే వారికి మెయిల్ పంపి సమయాన్ని ఉదయానికి మార్పించుకోండి. పైకప్పు చూడటానికి నిచ్చెన కావాలని అదే మెయిల్‌లో రాయండి. కుదరదని జవాబు వస్తే, రద్దు గడువు దాటకముందే బుకింగ్ రద్దు చేసుకోండి.